పీటర్ ప్రెవ్ట్స్ కెరీర్: ఒక్క 2015–16 సీజన్‌తోనే కొలవాలా?

తుంగభద్ర:
నిన్న ఇంకో థ్రెడ్‌లో ఒకరు పీటర్ ప్రెవ్ట్స్‌ని "ఒక్క సీజన్ వీరుడు" అని తేల్చేశారు. అక్కడే జవాబిస్తే అసలు టాపిక్ పక్కదారి పడుతుందని ఇక్కడ వేరుగా మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రెవ్ట్స్ స్లొవేనియా స్కీ జంపర్ (స్కీలు కట్టుకుని మంచు కొండ మీద జారి, అంచు నుంచి గాలిలోకి దూకే ఆట), పుట్టింది 1992లో. దేశం మొత్తం జనాభా 20 లక్షల పైచిలుకు. ఒక్క హైదరాబాద్‌లోనే అంతకు ఎన్నో రెట్ల మంది ఉంటాం. 17 ఏళ్ళకే 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కి వెళ్ళి నార్మల్ హిల్ (చిన్న కొండ) మీద 7వ స్థానంలో నిలిచాడు. 2013 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం, కాంస్యం. 2014 సోచి ఒలింపిక్స్‌లో నార్మల్ హిల్ రజతం, లార్జ్ హిల్ (పెద్ద కొండ) కాంస్యం. 2015లో 250 మీటర్లు ఎగిరిన మొదటి మనిషి. 2015–16లో ఒకే సీజన్‌లో 15 ప్రపంచ కప్ విజయాలు (ప్రపంచ కప్ అంటే సీజన్ పొడుగునా జరిగే పోటీల వరస), అన్నిటి పాయింట్లూ కలిపి ఇచ్చే ప్రపంచ కప్ ట్రోఫీ, జర్మనీ, ఆస్ట్రియాల్లో నాలుగు కొండల మీద జరిగే ఫోర్ హిల్స్ టోర్నమెంట్, స్కీ ఫ్లయింగ్ ప్రపంచ టైటిల్. ఆ తర్వాత ఫామ్ పోయింది, చీలమండకు ఆపరేషన్లు జరిగాయి. 2024 మార్చిలో రిటైరయ్యాడు.

చాలామంది 2016 దగ్గర ఆగిపోతారు. నా లెక్క వేరు. ఆ తర్వాతి ఎనిమిదేళ్ళు అతని కెరీర్‌కి తోక కాదు, సగం కెరీర్ అదే. ఎందుకంటున్నానో కింద రాస్తాను, ముందు మీరేమంటారో చూద్దాం.

లెక్కల మాస్టారు:
తుంగభద్ర గారూ, "ఒక్క సీజన్ వీరుడు" అన్నది నేనే, ఇప్పటికీ అదే అంటాను. అది తిట్టు కాదు, అంకెలు చెప్పే మాట. ఆ సీజన్‌లో 2303 పాయింట్లు. అప్పటిదాకా ఎవరూ అన్ని సాధించలేదు. రెండో స్థానంలో ఉన్న జర్మన్ సెవెరిన్ ఫ్రాయిండ్‌కీ అతనికీ మధ్య 800కి పైగా తేడా. అంతకు ముందు ఒక సీజన్‌లో ఎక్కువ విజయాల రికార్డు ఆస్ట్రియా కుర్రాడు ష్లీరెన్‌జవర్‌ది, 13. దాన్ని దాటాడు. ఫోర్ హిల్స్‌లో ఓబర్స్ట్‌డోర్ఫ్ ఫ్రాయిండ్ గెలిచాడు. గార్మిష్, ఇన్స్‌బ్రుక్, బిషోఫ్స్‌హోఫెన్ మూడూ ఇతనివే.

మరుసటి సీజన్‌లో అతనికి దక్కిన విజయం ఒకటే, సప్పొరోలో. అదీ పోలాండ్ జంపర్ మాచేయ్ కోట్‌తో సరిసమానంగా. 2018 ఒలింపిక్స్‌లో పతకం లేదు. శిఖరం అంత ఎత్తున ఉన్నప్పుడు మిగతాదాన్ని దానితో పోల్చక తప్పదు.

బెజవాడ బుల్లోడు:
అన్నా, నాకు ఈ ఆట పూర్తిగా కొత్త. మొన్న యూట్యూబ్‌లో చూసి ఆగిపోయాను. దూరం ఎక్కువ దూకినవాడు కాకుండా తక్కువ దూకినవాడు గెలిచాడు. ఎలా? పాయింట్లు ఎలా ఇస్తారు? ఇంకోటి, స్కీ జంపింగ్, స్కీ ఫ్లయింగ్ వేర్వేరా?

గాలివాటం:
తమ్ముడూ, కొంచెం ఓపిగ్గా చదువు, ఇది తెలిస్తే ప్రెవ్ట్స్ గొప్పతనం సగం అర్థమవుతుంది.

ప్రతి కొండకీ ఒక కె-పాయింట్ ఉంటుంది, అంటే దూరాన్ని కొలవడానికి పెట్టుకున్న గీత. లార్జ్ హిల్ మీద అక్కడ దిగితే 60 పాయింట్లు. దాన్ని దాటిన ప్రతి మీటరుకీ 1.8 కలుస్తాయి, తగ్గితే 1.8 పోతాయి. కె-పాయింట్ 120 ఉన్న కొండ మీద 130 మీటర్లు దూకితే దూరానికి 78. ఆపైన శైలి మార్కులు. ఐదుగురు జడ్జీలు, ఒక్కొక్కరు 20 దాకా ఇస్తారు. అందులో ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి తీసేసి మూడు కలుపుతారు. గాలిలో స్కీలు ఊగకూడదు, శరీరం మెలిక తిరగకూడదు, దిగేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్ళు వంచాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. రెండు కాళ్ళ మీదా ఒకేసారి ధబేల్మని దిగితే మార్కులు కోస్తారు. ఎదురుగాలి జంపర్‌ని పైకి మోస్తుంది, వెనక నుంచి వచ్చే గాలి కిందికి నొక్కేస్తుంది. అందుకని గాలికి పాయింట్లు కలపడం, తీసెయ్యడం ఉంటుంది. బయల్దేరే గేటు ఎత్తు మారిస్తే దానికీ లెక్క ఉంటుంది. నువ్వు చూసిన పోటీలో జరిగింది బహుశా ఇదే.

స్కీ ఫ్లయింగ్ ఇదే ఆట, కొండ బాగా పెద్దది. అంచు దాటేటప్పుడు వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. 250 మీటర్ల జంప్ అంటే ఏడెనిమిది సెకన్లు గాలిలోనే. ఇప్పుడు పోటీలు జరిగే ఫ్లయింగ్ కొండలు ప్రపంచం మొత్తంలో నాలుగే: స్లొవేనియాలో ప్లానిత్సా, నార్వేలో వికర్సుండ్, ఆస్ట్రియాలో కుల్మ్, జర్మనీలో ఓబర్స్ట్‌డోర్ఫ్. అక్కడ మీటరుకి 1.2 పాయింట్లే. ఆ నాలుగింటిలో ఒకటి 20 లక్షల మంది ఉన్న దేశంలో ఉండటం గమనించు.

ప్రెవ్ట్స్‌కి ఫ్లయింగ్ కొండ అంటే సొంత ఇల్లు. అతని మొదటి ప్రపంచ కప్ విజయం 2014 జనవరిలో కుల్మ్ మీద. ముందురోజు అదే కొండ మీద 41 ఏళ్ళ జపాన్ జంపర్ నోరియాకి కసాయ్ గెలిచాడు, తెల్లారి 21 ఏళ్ళ ఇతను. ఆ సీజన్ నుంచి వరసగా మూడుసార్లు ఫ్లయింగ్ కప్ (సీజన్‌లో ఫ్లయింగ్ పోటీల పాయింట్లకి ఇచ్చేది) ఇతనిదే.

బెజవాడ బుల్లోడు:
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. 250 మీటర్ల రికార్డు ఇంకా ఉందా?

గాలివాటం:
ఒక్క రోజే ఉంది. 2015 ఫిబ్రవరి 14న వికర్సుండ్‌లో ప్రెవ్ట్స్ 250 దూకాడు. 15న అదే కొండ మీద నార్వే జంపర్ ఫాన్నెమెల్ 251.5. అదే రోజు రష్యా జంపర్ వాసిలియెవ్ 254 దాకా వెళ్ళి దిగుతూ పడిపోయాడు. పడితే రికార్డుగా లెక్కలోకి రాదు. 2017లో ఆస్ట్రియా జంపర్ క్రాఫ్ట్ 253.5. ఆ తర్వాత ఏమైందో తుంగభద్ర గారు చెబుతారు, ఆయన దాన్ని దాచుకుని కూర్చున్నారని నాకు తెలుసు.

ఓరుగల్లు రవళి:
నాకు ఈ మనిషి కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది 2015 మార్చి 22. దాని గురించి ఎవరూ ఎత్తలేదేం?

సీజన్ ఆఖరి పోటీ, సొంత గడ్డ ప్లానిత్సాలో. ప్రపంచ కప్ ట్రోఫీ కోసం ప్రెవ్ట్స్, ఫ్రాయిండ్ ఇద్దరి మధ్యే పోరు. పోటీ ముగిసేసరికి ఇద్దరికీ 1729 పాయింట్లు. సరిసమానం! అప్పుడు ఎవరికి ఎక్కువ విజయాలున్నాయో చూస్తారు. ఫ్రాయిండ్‌కి 9, ప్రెవ్ట్స్‌కి 3. ట్రోఫీ ఫ్రాయిండ్‌కి వెళ్ళిపోయింది.

ఆ రోజు ప్రెవ్ట్స్ రెండో స్థానంలో వచ్చాడు. మొదటి స్థానం ఎవరిది? అతని సొంత జట్టు సభ్యుడు యురి టెపెష్‌ది. గెలిచినవాడికి 100, రెండోవాడికి 80. టెపెష్ ఒక్క మెట్టు కింద ఉంటే ట్రోఫీ స్లొవేనియాదే. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

టెపెష్ కాస్త తగ్గి దూకాల్సిందని నా అభిప్రాయం. 18 ఏళ్ళుగా ఆ కప్పు కోసం... సరే, ఎన్నేళ్ళయితేనేం, చిన్న దేశానికి అలాంటి అవకాశం రోజూ రాదు.

లెక్కల మాస్టారు:
రవళి గారూ, 18 ఏళ్ళు కాదు, 17. ప్రిమోజ్ పెటెర్కా 1996–97, 1997–98 రెండు సీజన్లూ కప్పు గెలిచాడు. మొదటిది గెలిచేనాటికి అతని వయసు 18. ప్రెవ్ట్స్ కన్నా ముందు ఫోర్ హిల్స్ గెలిచిన స్లొవేనియా జంపర్ కూడా అతనొక్కడే.

ఇక టెపెష్ సంగతి. మీ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. తొమ్మిదిసార్లు గెలిచినవాడికీ మూడుసార్లు గెలిచినవాడికీ పాయింట్లు సమానమైతే తొమ్మిదిసార్లు గెలిచినవాడికి ఇవ్వడమే న్యాయం. ప్రెవ్ట్స్ ఆ ఏడు నిలకడతో అంత దూరం వచ్చాడు. విజయాలు తక్కువ. కప్పు చేజారింది ఆ ఒక్క మధ్యాహ్నం కాదు, నవంబరు నుంచీ.

సిరి_లుబ్లియానా:
రవళి అక్కా, నేను ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక ఈ మాట ఇక్కడివాళ్ళతో ఎత్తి చూశాను. "టెపెష్ తగ్గాల్సింది" అన్నవాళ్ళు లేకపోలేదు, కానీ ఎక్కువమంది ఆ మాట వింటేనే ముఖం చిట్లిస్తారు. టెపెష్ ఎవరో తెలుసా? వాళ్ళ నాన్న మిరాన్ టెపెష్ 1988 కాల్గరీలో యుగోస్లావియా జట్టుకి రజతం తెచ్చిన నలుగురిలో ఒకడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడు సొంత కొండ మీద, సొంత జనం ముందు గెలిచే రోజున కావాలని తగ్గి దూకాలా? పైగా ఫ్లయింగ్ కొండ మీద "కాస్త తగ్గి" దూకడం మనం సోఫాలో కూర్చుని అనుకున్నంత తేలిక కాదు. నూరు కిలోమీటర్ల వేగంతో అంచు దాటుతూ మనసు రెండు వైపులా లాగితే ప్రమాదం.

నాకైతే ఆ ఫలితమే స్లొవేనియా అంటే ఏమిటో చెబుతుంది. సీజన్ ఆఖరి రోజున మొదటి రెండు స్థానాలూ ఈ దేశానివే. ఒక్కడి మీద ఆధారపడిన దేశం కాదిది.

ఓరుగల్లు రవళి:
సిరీ, నువ్వు చెప్పింది బాగుంది, కానీ నా మనసు ఒప్పుకోవట్లేదమ్మా. జట్టు ఆటల్లో మనవాడి సెంచరీ కోసం ఇంకొకడు బంతి ఆపి ఆడటం చూస్తూ పెరిగాం కదా. అక్కడ తప్పు కానిది ఇక్కడ ఎందుకు తప్పవుతుంది?

గాలివాటం:
అక్కడ ఇద్దరూ ఒకే జట్టు స్కోరు కోసం ఆడతారు. ఇక్కడ టెపెష్ విజయం టెపెష్‌దే. ఎన్నేళ్ళైనా అతని పేరున ఉండేది అదే. దాన్ని ఇచ్చెయ్యమనడానికి మనమెవరం?

తుంగభద్ర:
ఈ చర్చ ఇక్కడిదాకా రావడం నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే నా వాదనకి మూలం ఇదే రోజు.

అలా పోగొట్టుకున్న 22 ఏళ్ళ కుర్రాడు మరుసటి శీతాకాలం వచ్చి 15 గెలిచాడు. విజయాలు తక్కువనే కదా ట్రోఫీ పోయింది? ఇక ఆ మాట ఎవరూ అనలేనంతగా గెలిచాడు. మాస్టారు ఆ సీజన్‌ని శిఖరం అన్నారు, నేనూ అంటాను. కుల్మ్ మీద ప్రపంచ ఫ్లయింగ్ టైటిల్, ఫోర్ హిల్స్‌లో వరసగా మూడు... ఆ నెలలో అతను ఓడిపోతాడేమో అన్న అనుమానం కూడా కలగలేదు.

ఇప్పుడు ఆ తర్వాతి భాగం. 2016–17 మొదలయ్యేసరికి గెలుస్తున్నది ఇంకో ప్రెవ్ట్స్. తమ్ముడు డోమెన్, 17 ఏళ్ళు. సీజన్ ఆరంభంలోనే నాలుగు గెలిచాడు. అంతకు ముందు 2015 డిసెంబరులో ఎంగెల్‌బెర్గ్‌లో అన్నదమ్ములిద్దరూ మొదటి రెండు స్థానాల్లో నిలబడ్డారు. ఏడాది తిరిగేసరికి అన్న కిందికి, తమ్ముడు పైకి. ఇంట్లో అన్నం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చునే మనుషులు వీళ్ళు. పీటర్ ఆ స్థితిలో ఆట వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కావాల్సినవి చాలావరకూ అప్పటికే గెలిచాడు, ఒలింపిక్ స్వర్ణం, ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం మాత్రం లేవు.

వదల్లేదు. ఫామ్ లేకుండా, చీలమండ నొప్పితో, ఒకప్పుడు ఎవరిని 20 మీటర్ల తేడాతో ఓడించాడో వాళ్ళ వెనక 15వ స్థానం, 20వ స్థానం తీసుకుంటూ వచ్చాడు. చాంపియన్‌గా పేరు పడ్డాక ఇలా దూకడం చాలా కష్టం. ప్రతి పోటీలో కామెంటేటర్ "2016లో ఇతను..." అని మొదలుపెడతాడు.

2022 బీజింగ్‌లో దానికి ఫలితం దక్కింది. మిక్స్‌డ్ టీమ్ (ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు) స్వర్ణం: నికా క్రిజ్నార్, టిమి జాయ్‌ట్స్, ఉర్షా బొగాతాయ్, పీటర్. పురుషుల జట్టు రజతంలో పీటర్‌తో పాటు ఇంకో తమ్ముడు ట్సెనె కూడా ఉన్నాడు. అన్నదమ్ములకి ఒకే ఒలింపిక్ పతకం!

లెక్కల మాస్టారు:
బీజింగ్ మిక్స్‌డ్ టీమ్ గురించి పూర్తిగా చెప్పాలంటే డిస్‌క్వాలిఫికేషన్లు కూడా చెప్పాలి. జపాన్, ఆస్ట్రియా, జర్మనీ, నార్వే జంపర్ల సూట్లు కొలతకి మించి ఉన్నాయని ఐదుగురు అమ్మాయిల జంపులు రద్దు చేశారు. పెద్ద జట్లన్నీ దానితో వెనకబడ్డాయి.

సిరి_లుబ్లియానా:
మాస్టారూ, పూర్తిగా చెప్పాలంటే దానికి రెండో సగం కూడా ఉంది. స్లొవేనియా వాళ్ళలో ఒక్కరి జంపు కూడా రద్దు కాలేదు. అంతకు రెండు రోజుల ముందే మహిళల నార్మల్ హిల్‌లో బొగాతాయ్ స్వర్ణం, క్రిజ్నార్ కాంస్యం గెలిచారు. ఆ జట్టు మొదట్నుంచీ ఫేవరెట్. రెండో స్థానంలో వచ్చిన రష్యన్ల కన్నా నూరు పాయింట్లకి పైగా ముందున్నారు. ఆ అమ్మాయిలకి జరిగింది నాకూ బాధే, వాళ్ళ కన్నీళ్ళు చూశాను. కానీ ఆ స్వర్ణం ఎవరో జారవిడిస్తే దొరికింది కాదు.

బెజవాడ బుల్లోడు:
ఒక ఇంట్లో ఇంతమంది ఎలా వచ్చారు? స్పోర్ట్స్ స్కూలా, ప్రభుత్వమా, డబ్బున్న కుటుంబమా?

సిరి_లుబ్లియానా:
ఊరి పేరు డోలెన్యా వాస్, జెలెజ్నికి దగ్గర, సెల్కా లోయలో. చిన్న పల్లె. నాన్న బోజిదార్‌కి ఫర్నిచర్ వ్యాపారం, స్కీ జంపింగ్ జడ్జి కూడా. ఐదుగురు పిల్లల్లో పీటర్ పెద్దవాడు. తర్వాత ట్సెనె, డోమెన్, నికా, ఎమా.

ఇంటి సంగతి ఒక్కటే చూస్తే అర్థం కాదు. ఇక్కడ కొండ ప్రాంతాల ఊళ్ళలో క్లబ్బులుంటాయి, పిల్లల కోసం 10, 15 మీటర్ల కొండల దగ్గర నుంచి ఒక్కో మెట్టు పెద్దవి ఉంటాయి. వేసవిలో వాటి మీద ప్లాస్టిక్ పరిచి నీళ్ళు కొట్టి దూకుతారు. అంటే మంచు కోసం ఆగనక్కర్లేదు, ఆట పన్నెండు నెలలూ నడుస్తుంది. పీటర్ క్లబ్బు క్రాన్య్ పట్నంలోని ట్రిగ్లావ్. ప్లానిత్సా లోయలో 2015 చివర్లో కొత్త నార్డిక్ సెంటర్ తెరిచారు. ఆరేళ్ళ పిల్లల కొండ దగ్గర నుంచి 240 మీటర్ల ఫ్లయింగ్ కొండ దాకా అన్నీ ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి. చిన్న కొండ మీద దూకే పిల్ల తలెత్తి చూస్తే పెద్దది కనిపిస్తుంది.

ఈ లోయకి పాత చరిత్ర ఉంది. ఇంజినీరు స్టాంకో బ్లౌడెక్ ఇక్కడ 1930లలో పెద్ద కొండ తీర్చిదిద్దాడు. 1936లో ఆస్ట్రియా కుర్రాడు సెప్ బ్రాడ్ల్ ఇక్కడే 101.5 మీటర్లు దూకి మొదటిసారి నూరు దాటాడు. 1969లో గోరిషెక్ అన్నదమ్ములు లాడో, యానెజ్ పక్కనే ఫ్లయింగ్ కొండ కట్టారు, ఇప్పటికీ అది వాళ్ళ పేరుతోనే ఉంది. 1994లో ఫిన్లాండ్ జంపర్ నియెమినెన్ 203 మీటర్లతో 200 దాటింది కూడా ఇక్కడే. 100, 200 రెండూ ఇదే లోయలో!

ఓరుగల్లు రవళి:
ఇది చదివాక చిన్న దేశం అనే మాట వాడాలంటే ఆలోచించాలి. జనం తక్కువ, కానీ ఈ ఆటలో పెద్ద దేశమే.

గాలివాటం:
రవళి గారూ, అదే కీలకం. పెద్ద దేశాల్లో ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు, కోచ్‌లు కుర్రాడిని త్వరగా పక్కన పెట్టేస్తారు. ఇక్కడ ప్రతి జంపర్నీ నిలబెట్టుకోవాలి. పెటెర్కా కూడా 19 ఏళ్ళకి రెండు కప్పులు గెలిచి, ఆ తర్వాత ఫామ్ పూర్తిగా పోగొట్టుకున్నాడు. అయినా 2002 సాల్ట్‌లేక్‌లో జట్టు కాంస్యంలో ఉన్నాడు, ఆ తర్వాతి సీజన్‌లో మళ్ళీ ప్రపంచ కప్ పోటీ గెలిచాడు. ప్రెవ్ట్స్ నడిచిన దారిలో ముందు పెటెర్కా నడిచాడు.

బరువు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈ ఆటలో తేలిగ్గా ఉన్నవాడు దూరం పోతాడు. అందుకే ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే స్కీల పొడవు తగ్గించే నియమం 2004లో తెచ్చారు. 15 ఏళ్ళ పాటు ఈ శరీరాన్ని ఆ గీత మీద నిలబెట్టడం ఎంత పనో బయటినుంచి కనిపించదు. మాస్టారు సీజన్లు లెక్కపెడతారు, నేను ఇదీ లెక్కలో వేస్తాను.

లెక్కల మాస్టారు:
గౌరవం లేక కాదండీ. కానీ మీరంతా చెబుతున్నది అతని ఓర్పు గురించి. నేను చెబుతున్నది ఫలితాల గురించి. 2016 తర్వాత వ్యక్తిగత పోటీల్లో ఆ స్థాయి మళ్ళీ రాలేదు. ఇది నిజమా కాదా?

తుంగభద్ర:
నిజం. రాలేదు. నేను అడిగేది ఒకటే, వ్యక్తిగత ఫలితాలు మాత్రమే ఎందుకు లెక్కపెట్టాలి? 2022లో వికర్సుండ్‌లోనూ 2024లో కుల్మ్‌లోనూ స్లొవేనియా స్కీ ఫ్లయింగ్ జట్టు ప్రపంచ స్వర్ణం గెలిచింది. రెండింట్లోనూ పీటర్ ఉన్నాడు, డోమెన్ ఉన్నాడు. జట్టుతో కలిసి దేశానికి స్వర్ణాలు తెచ్చింది ఆ "తక్కువ స్థాయి" ఏళ్ళలోనే.

2024 జనవరిలో, ఇదే నా ఆఖరి సీజన్ అని ప్రకటించాడు. మార్చి 22న ప్లానిత్సాలో పోటీ గెలిచాడు. తొమ్మిదేళ్ళ కిందట కప్పు పోగొట్టుకున్న అదే కొండ, అదే తారీఖు.

గాలివాటం గారు అన్న రికార్డు సంగతి: 2025 మార్చి 30న అదే కొండ మీద డోమెన్ 254.5 మీటర్లు దూకాడు. క్రాఫ్ట్ రికార్డు పోయింది. దానికి కొన్ని వారాల ముందే నార్వేలో ట్రాన్‌హైమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డోమెన్ లార్జ్ హిల్ స్వర్ణం, చెల్లెలు నికా నార్మల్, లార్జ్ రెండు స్వర్ణాలూ గెలిచారు. నికా వికర్సుండ్‌లో 236 మీటర్లు దూకి మహిళల రికార్డు కూడా తీసుకుంది.

సిరి_లుబ్లియానా:
2024 ఆ శుక్రవారం నేను కొండ కింద ఉన్నాను. పక్కనున్న పెద్దాయన పీటర్ పైన బెంచీ మీదకి వచ్చి కూర్చోగానే టోపీ తీసేశాడు. పీటర్ దిగాక ఆ గోలలో స్పీకర్‌లో ఎంత దూరమో చెప్పింది కూడా వినపడలేదు. అదే శీతాకాలం నికా 19 ఏళ్ళకే మహిళల ప్రపంచ కప్ గెలిచింది. డోమెన్ ఎన్నో ఏళ్ళు తడబడి మళ్ళీ నిలబడ్డాడు. కిందపడ్డాక కూడా దూకొచ్చు అని ఆ ఇంట్లో మొదట చేసి చూపించింది పెద్దన్నే కదా, మాస్టారూ? అది ఏ పట్టికలో వేస్తారు?

లెక్కల మాస్టారు:
పట్టికలో వెయ్యలేనమ్మా. అందుకే నా మాట నాది. అయినా 15 విజయాల సీజన్ లేకపోతే ఆ పెద్దాయన టోపీ తీసేవాడా అని కూడా ఆలోచించు.

బెజవాడ బుల్లోడు:
సిరి అక్కా, ప్లానిత్సా పోటీలు చూడాలంటే ఎప్పుడు రావాలి? మా కజిన్ వియన్నాలో ఉంటాడు, వాడిని లాక్కుని వద్దామనుకుంటున్నా.

సిరి_లుబ్లియానా:
సీజన్ ముగిసేది మామూలుగా ఇక్కడే, మార్చి ఆఖర్లో. లుబ్లియానా నుంచి యెసెనిత్సె దాకా రైలుంది, అక్కడి నుంచి క్రాన్య్‌స్కా గోరా వైపు బస్సు. వియన్నా నుంచి కార్లో వస్తే విల్లాహ్ మీదుగా దగ్గర. పోటీ రోజుల్లో కారు దూరంగా ఆపించేస్తారు, నడవాలి. గదులు మాత్రం ముందే చూసుకో, ఆ వారం లోయ మొత్తం నిండిపోతుంది. మంచి బూట్లు వేసుకో, కింద నిలబడే చోట మధ్యాహ్నానికి మంచు కరిగి బురదవుతుంది. శుక్రవారం వస్తే జనం కాస్త తక్కువ, కొండ బాగా కనిపిస్తుంది.